ఐదింటి గాడిద

నోటీసు బోర్డు మీద ఆ కాగితం అతికించిన తీరు చూడగానే సూది పిన్నికి అనుమానం వచ్చింది. ఆ టీవీ స్టేషన్లో ఏ కాగితమైనా ఒక్క గుండుసూదికి వేలాడుతూ, ఫ్యాను గాలికి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఇది మాత్రం నాలుగు మూలలా నాలుగు గుండుసూదులతో, నలుగురు మనుషులు కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకున్నట్టు బిగించి ఉంది. మంచి కబురుకి ఇంత కట్టుదిట్టం ఎందుకట?

పిన్ని చదువు మూడో తరగతి. అందులోనూ జ్వరాలూ, చెల్లెళ్ళని ఎత్తుకోవడాలూ పోను సగమే. అందుకని ఆవిడ కాగితం చదివితే వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరాన్నీ ఆపి నిలదీసి మరీ చదువుతుంది. చదువుకున్నవాళ్ళు వాక్యం మీద నుంచి బస్సులో పోయినట్టు సర్రున పోతారు. పిన్ని నడిచి పోతుంది. దారిలో ఎక్కడ గుంట ఉందో ఆవిడకే తెలుస్తుంది.

‘పిల్లల కార్యక్రమాల వేళల్లో మార్పులు’ అని పైన లావుపాటి అక్షరాలు. కింద పట్టీ. వచ్చే సోమవారం ఒకటో తేదీ నుంచి ‘గాడిదగారి బడి’ సాయంత్రం ఐదు గంటలకు బదులు ఉదయం ఆరున్నరకు ప్రసారమవుతుంది. సాయంత్రం ఐదు గంటల కార్యక్రమం వివరాలు తర్వాత తెలియజేయబడును.

ఆ చివరి మాట దగ్గర పిన్ని వేలు ఆగిపోయింది. తర్వాత తెలియజేయడమేమిటి? కొత్త చుట్టం వస్తున్నాడని పాతవాణ్ణి గదిలోంచి లేపారంటే అర్థం ఉంది. ఎవరొస్తారో తెలియకుండానే మంచం మీంచి లాగి అవతల పడేశారంటే, లాగడమే వాళ్ళ పనన్నమాట. పిన్ని మూడుసార్లు చదివింది. మూడుసార్లూ అదే రాసి ఉంది.

ఆ గాడిద ఎవరో చెప్పాలి. బూడిదరంగు ఉన్నిగుడ్డతో కుట్టిన చేతిబొమ్మ. గుండీల కళ్ళు, తీగ పెట్టిన చెవులు, లోపల ఎర్రగుడ్డ వేసిన పెద్ద నోరు. అది రోజూ ఐదింటికి బల్ల వెనకనుంచి తల ఎత్తి పిల్లలకు తప్పుడు పాఠాలు చెబుతుంది. రెండూ రెండూ ఆరంటుంది. చేపకి కాళ్ళుంటాయంటుంది. పిల్లలు ఇళ్ళనుంచి ఫోన్లు చేసి, “కాదు గాడిదగారూ!” అని దిద్దుతారు. అంతా అప్పటికప్పుడే. దాచిపెట్టి వేసేది ఒక్కటీ ఉండదు. దాని లోపల చెయ్యి పెట్టి ఆడించేదీ, గొంతిచ్చేదీ ఒక్కడే. అతన్ని అందరూ గాడిద గొంతు అనే పిలుస్తారు. అతను రోజుకి అరగంట వాగేసరికి వారానికోసారి బొమ్మ నోటి దగ్గర కుట్టు ఊడుతుంది. ఆ కుట్టు వేసేది సూది పిన్ని.

ఆవిడ ఆ స్టేషన్లోకి వచ్చిందే ఆ నోటి మూలంగా. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట వెనక గేటు ఎదురు సందులో, అరుగు మీద మెషిన్ పెట్టుకుని చిరిగిన ప్యాంట్లకు అతుకులేస్తూ ఉండేది. ఒకరోజు ఐదింటికి ఇరవై నిమిషాలుందనగా ఒకాయన చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి, దవడ వేలాడుతున్న గాడిదని ఆవిడ ఒళ్ళో పడేశాడు. పిన్ని సూది ఎక్కించి, కుడుతూ కుడుతూనే ఆయన వెంట గేటు దాటింది, మెట్లెక్కింది, స్టూడియోలో బల్ల కిందకి దూరింది. ప్రసారం మొదలైందనే ఎర్రదీపం వెలిగేటప్పటికి చివరి కుట్టు పడింది. బయటికి రాబోతే “కదలొద్దు!” అని సైగ చేశారు. ఆ అరగంటా బల్ల కిందే కూర్చుంది. మర్నాడు రమ్మన్నారు. ఆ మర్నాడూ రమ్మన్నారు. తర్వాత మెట్ల పక్కన ఒక గది ఇచ్చారు, ఏడాదికో కాగితం ఇచ్చి కొనసాగిస్తున్నామన్నారు. జాకెట్టు భుజానికి ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది కాబట్టి సూది పిన్ని అయింది. నోట్లో ఇంకోటి ఉంటుందని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళూ అంటారు.

ఈ ఏడాది కాగితం ఇంకా రాలేదు. పోయిన నెలలోనే రావాలి.

బోర్డు దగ్గర్నుంచి పిన్ని తిన్నగా క్యాంటీన్‌కి పోయింది. గాడిద గొంతు మూల బల్ల దగ్గర టీ ఊదుకుంటున్నాడు. మనిషి పుల్లలా ఉంటాడు, గొంతు మాత్రం గంగాళంలోంచి వచ్చినట్టుంటుంది.

“ఏరా తమ్ముడూ, బోర్డు చూశావా?”

“చూశానక్కా. పొద్దున ఆరున్నరట. నా గొంతు ఎనిమిదిదాకా లేవదు.”

“నీ గొంతు లేస్తే ఎంత, పడుకుంటే ఎంత. ఎందుకు మార్చారో అడిగావా?”

“సాయంత్రం పిల్లలు టీవీ చూడ్డంలేదట. సర్వే చేశారట.”

“ఎవరింటికొచ్చి చేశారు? మా ఇంటికి రాలేదు. మీ ఇంటికొచ్చారా?”

“మా ఇంట్లో పిల్లలెక్కడున్నారు? నేనొక్కణ్ణేగా.”

“గాడిదవున్నావుగా, నిన్నైనా అడగాల్సింది.”

అతను నవ్వాడు. పిన్ని నవ్వలేదు. బల్ల మీదకి వంగి గొంతు తగ్గించింది. “ఒరే, నేను చెప్తా విను. ఆరున్నరకి ఏ పిల్ల లేస్తుంది? లేచిందే అనుకో, పళ్ళు తోముకుంటుందా, నీ మొహం చూస్తుందా? ఎవరూ చూడని వేళకి తోసేస్తారు. మూడు నెలలు పోయాక ‘అయ్యో, ఎవరూ చూడ్డంలేదే’ అని బుగ్గన వేలేసుకుంటారు. ఆపేస్తారు. గాడిద పోతే దాని నోరు కుట్టేదాన్ని ఉంచుకుంటారా?”

“అక్కా, నువ్వు చొక్కాని తిరగేసి చూసినట్టు మనుషుల్ని కూడా తిరగేసి చూస్తావు.”

“కుట్టు సంగతి లోపలేరా తెలిసేది,” అంది పిన్ని, అతని చొక్కా చెయ్యి మడత లాగి చూసి. “ఇదెవడు కుట్టాడు? నీకు గిట్టనివాడెవడో కుట్టాడు.”

గాడిద గొంతుకి వాదించే ఓపిక లేదు. పిన్నికి మాత్రం ఆధారాలు ఒకటొకటిగా కనపడ్డం మొదలెట్టాయి. ఆ సోమవారమే ఎవరో ఇద్దరు టేపు పట్టుకొచ్చి ఆవిడ గదిని ఆ గోడనుంచి ఈ గోడకి కొలిచారు. “ఏంటయ్యా?” అంటే “ఏం లేదండీ, ఊరికే” అన్నారు. ఊరికే కొలిచేవాళ్ళని పిన్ని తన జన్మలో చూడలేదు. మంగళవారం కరెంటు పనిచేసే ఆయన వచ్చి గదిలో ప్లగ్గులెన్ని ఉన్నాయని అడిగాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉన్నది ఒక్కటే, అది కూడా తడిచేత్తో ముట్టుకుంటే కొరుకుతుంది. అదేరోజు మధ్యాహ్నం కొత్త మేడమ్ గుమ్మంలో నిలబడింది.

ఈ మేడమ్ పిల్లల విభాగానికి వచ్చి రెండు నెలలే అయింది. అంతకుముందు సినిమాలవాళ్ళ దగ్గర పనిచేసిందట. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. జుట్టు ముడేసి అందులో పెన్సిల్ గుచ్చుకుంటుంది, తర్వాత పెన్సిల్ కోసం ఆఫీసంతా వెతుక్కుంటుంది. అందుకని పెన్సిల్ మేడమ్. ఆవిడ చాలాసేపు పిన్ని కుడుతుంటే చూసి, “మీ చేతులు ఎంత బావున్నాయి పిన్నిగారూ!” అంది.

పిన్ని సూది ఆపి చేతుల వైపు చూసుకుంది. కట్టుకున్నవాడు కూడా ఆ చేతుల్ని ఎప్పుడూ బాగున్నాయనలేదు. వేలి కొసలన్నీ సూది పోట్లు, బొటనవేలి గోరు సగమే ఉంది. ఇవి బావున్నాయని ఎవరంటారు? సాగనంపబోయేవాళ్ళు అంటారు.

ఇంటికెళ్ళి ఇదంతా మొగుడికి చెప్పింది. ఆయన ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి, ఇప్పుడు కుర్చీని నడుపుతున్నాడు. వాకిట్లో వాలుకుర్చీలో కూర్చుని, ఎవరైనా ఏదైనా చెబుతుంటే కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టు తొక్కుతుంటాడు.

“చేతులు బావున్నాయంటే కూడా తప్పేనటే?”

“ఎందుకన్నదో అది చూడు.”

“నేను నిన్ను చూడ్డానికొచ్చినప్పుడు చీర బావుందన్నాను. అప్పుడూ ఇలాగే అనుకున్నావా?”

“అనుకున్నాను. చీర బావుందన్నావు కానీ నేను బావున్నానన్లేదు. అందుకే ఒప్పుకున్నా, అబద్ధాలాడడని.”

ఆయన బ్రేకు గట్టిగా తొక్కాడు.

లోపల మనవరాలు టీవీకి రెండడుగుల దూరంలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆరేళ్ళు. వాళ్ళమ్మ, అంటే పిన్ని కూతురు, ఆసుపత్రిలో షిఫ్టులు చేస్తుంది. అందుకని ఇటు ఇల్లూ అటు బడీ కాని వేళంతా పిల్ల ఇక్కడే. దానికి ఇంకా గడియారం చూడ్డం రాదు. గాడిదగారు వస్తే ఐదు, గాడిదగారు పోతే ఆడుకోవడానికి పోవచ్చు, అంతే.

“సోమవారంనుంచి గాడిదగారు పొద్దున వస్తాడటే,” అంది పిన్ని.

పిల్ల ఆలోచించింది. “మరి ఐదు ఎప్పుడొస్తుంది అమ్మమ్మా?”



బుధవారం పొద్దున మెట్ల మలుపు దగ్గర పిన్ని ఆగి చెప్పు సరిచేసుకుంటోంది. పై మెట్టు మీద పెన్సిల్ మేడమ్ ఫోన్లో మాట్లాడుతోంది. కావాలని విన్నదని ఎవరైనా అంటే వాళ్ళ నోరు కుట్టేయాలి. చెప్పు నిజంగానే ఊడింది. చెవులు మాత్రం ఊడలేదు కదా.

“సూది పిన్నిని శుక్రవారం తీసేద్దాం,” అంటోంది మేడమ్. “ఆ, ఆవిడ గదిలోనే. ముందే చెప్పకండి, చెబితే బిగుసుకుపోతారు. ఎంతసేపు, గంటలో తీసేయొచ్చు. ఆ తర్వాత గాడిదని మొదలెడదాం. మూడు నెలల్లో దాన్ని కూడా తీసేస్తే మనకి బెంగ ఉండదు.”

పిన్ని చెప్పు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెనక్కి దిగింది. గదిలోకొచ్చి స్టూలు మీద కూలబడింది. తీసేయడమంటే ఏమిటో ఆవిడకి తెలియనిది కాదు. కుట్టు తప్పు పడితే బ్లేడుతో తీసేస్తారు. మొన్న గేటు దగ్గర పాత కాపలా ఆయన్ని తీసేశారు. అంతకుముందు మెట్లకింద తుప్పు పట్టిన బీరువాని తీసేశారు. కుట్టూ, మనిషీ, బీరువా, అన్నిటికీ మాట ఒకటే. తేడా ఏమిటంటే, బీరువాని తీసేసేటప్పుడు నలుగురు కూడబలుక్కుని ఎత్తారు. ఈవిడకి గంట చాలట.

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే దారం సూదిలోకి ఎక్కదు. గురువారం ఐదింటి కార్యక్రమం అయిపోయాక, రోజూలాగే గాడిద గొంతు బొమ్మని తెచ్చి బల్లమీద పెట్టి, “నోరు కాస్త చూడక్కా” అని వెళ్ళిపోయాడు. పిన్ని నోరు చూసింది. కుట్టింది. బీరువాలో పెట్టి తాళం వేయాల్సినదాన్ని గుడ్డసంచీలో పెట్టి, పైన గొడుగు కప్పింది. నన్ను తీసేసి గాడిదతో బండి నడుపుకుంటారా, నడుపుకోండి చూద్దాం, అనుకుంది.

గేటు దగ్గర కొత్త కాపలా అతను సంచీ వైపు చూశాడు. “ఏముంది పిన్నీ?”

“గాడిద.”

“నవ్వించకు పిన్నీ, వెళ్ళు వెళ్ళు.”

నిజం చెబితే ఇలా ఉంటుంది.

ఇంట్లో సంచీలోంచి రెండు చెవులు బయటికి రాగానే మొగుడు కాలు బ్రేకు మీద వేశాడు. “ఏమే, ఇంట్లో ఉన్నది చాలదనా?”

“ఉన్నదాంతో పని జరక్క.”

“దొంగతనం అంటారే దీన్ని.”

“నేను కుట్టిన నోరు, నేను పెట్టిన చెవులు, నేను మార్చిన గుండీలు. దాన్లో పాత గుడ్డ అంగుళం మిగిలుంటే చూపించు, అంతవరకు కోసి వాళ్ళకిచ్చేస్తా.”

ఈలోపు మనవరాలు వచ్చింది. గాడిదని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక చెవి ముట్టుకుంది, ముక్కు ముట్టుకుంది, తర్వాత బొమ్మని తిరగేసి లోపలికి చూసింది. మొహం చిన్నబోయింది.

“అమ్మమ్మా, లోపల ఏమీ లేదేంటి?”

“లోపల చెయ్యి ఉండాలే.”

“ఎవరి చెయ్యి?”

“మాట్లాడేవాడి చెయ్యి.”

“మరి నీ చెయ్యి?”

“నా చెయ్యి బయటినుంచి.”

పిల్లకి అది నచ్చలేదు. బొమ్మని అమ్మమ్మ ఒళ్ళో పెట్టి, “అయితే నువ్వు కనపడవన్నమాట,” అంది. పిన్ని ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.  మర్నాడు పొద్దున ఆవిడ బయల్దేరుతుంటే మొగుడు, “గాడిదని తీసుకెళ్ళు,” అన్నాడు. “ఇవ్వాలో వద్దో అక్కడ తేల్చుకో. ఇంట్లో దాచుకున్నావంటే వాళ్ళ మాటకి బలం ఇచ్చినట్టు.”

అది నిజమే అనిపించింది. అలా అనిపించిందని ఆయనకి చెప్పలేదు.

శుక్రవారం స్టేషన్ మెట్లెక్కేటప్పటికే పిన్ని గదిలో వెలుగు. తలుపు బార్లా తీసి ఉంది. లోపల రెండు పెద్ద లైట్లు, మూడుకాళ్ళ మీద కెమెరా, వైర్లు, నలుగురు మనుషులు. మెషిన్ని కిటికీ దగ్గరికి జరిపారు. ఇరవై ఎనిమిదేళ్ళలో దాన్ని ఎవరూ జరపలేదు. నేల మీద దాని కాళ్ళ గుర్తులు నాలుగు తెల్లగా కనపడుతున్నాయి. తలుపు తెరిచిన ఖాళీ బీరువా ముందు గాడిద గొంతు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు. పెన్సిల్ మేడమ్ జుట్టులో పెన్సిల్, చేతిలో కాగితం.

“వచ్చారా పిన్నిగారూ! మీకోసమే.”

“తెలుసు,” అంది పిన్ని గుమ్మంలోనే నిలబడి. “నన్ను తీసేయడానికి ఇంతమందా? పాత బీరువాకి కూడా నలుగురే వచ్చారు, లైట్లు పెట్టలేదు.”

మేడమ్ తెల్లబోయింది. “మీకెవరు చెప్పారు? చెప్పొద్దన్నానే!”

“చెప్పొద్దనడమే చెప్పింది. శుక్రవారం తీసేస్తానన్నారు, గంట చాలన్నారు. ఏం తప్పు చేశానమ్మా? ఏ రోజైనా ఎర్రదీపం వెలిగాక నా కుట్టు ఊడిందా? చెప్పు. నా మొహమ్మీద చెప్పు, మెట్ల మీద కాదు.” మీరు అన్నది నువ్వులోకి ఎప్పుడు దిగిందో పిన్ని చూసుకోలేదు.

 కెమెరా అతను ఫక్కున నవ్వాడు. “పిన్నీ, తీయడమంటే ఇదీ!” అని కెమెరా మీద చెయ్యి వేశాడు. “షూటింగ్! మేడమ్‌గారు సినిమా మనిషి కదా, తీద్దాం తీసేద్దాం అంటారు.”

నిజమే. పిల్లల విభాగంలో ఎవరూ ఏదీ తీసేవాళ్ళు కాదు. ఐదయితే ‘వదిలేవాళ్ళు’. గాడిదని వదిలారా, గాలిలోకి వదిలారా, అదే వాళ్ళ మాట. తీయడమనే మాట ఆ మెట్లెక్కి రెండు నెలలే అయింది. నవ్వు గదంతా పాకింది. మేడమ్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “అయ్యో పిన్నిగారూ, మీరు బొమ్మ కుట్టడం తీద్దామనుకున్నాను. ముందే చెబితే కెమెరా చూసి బిగుసుకుపోతారని...” అంది.

పిన్ని మొహం కందిపోయింది. కుదుటపడటానికి మామూలు మనిషికైతే అది చాలు. కానీ నవ్వే వాళ్ళ మొహాలన్నీ చూస్తుంటే ఒక్క మొహం మాత్రం నవ్వు ముగించాక వెంటనే కాగితం మీదికి దిగిపోయింది. మేడమ్‌ది.

పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది. “సరే. నన్ను తీస్తారు. గాడిదని ఎందుకు తీస్తారు?”

“ఉదయం కార్యక్రమం కోసం. రోజూ లైవ్ కుదరదు కదా. మూడు నెలల్లో వంద భాగాలు తీసి పెట్టుకుంటాం.”

“వంద అయిపోయాక?”

“మళ్ళీ మొదటినుంచి వేస్తాం. చిన్నపిల్లలు ఎప్పుడూ కొత్తవాళ్ళే వస్తుంటారు కదా.”

“తీసి పెట్టుకున్న గాడిదకి నోరు చిరుగుతుందా?”

మేడమ్ జుట్టులోంచి పెన్సిల్ లాగింది.

“చిరగదు,” అంది పిన్ని. “నా గదిని కొలిచిందెందుకు?”

“అది... ఎడిటింగ్ గది చేద్దామని పైవాళ్ళు అంటున్నారు. మూడు నెలల తర్వాత. మీకు చెప్పాలనే ఉన్నాను. మీ చేతిపని మాత్రం ఎప్పటికీ ఉండిపోవాలని నేనే పట్టుబట్టి ఈ షూటింగ్ పెట్టించాను. ప్రతి భాగంలో రెండు నిమిషాలు మీ చేతులు వస్తాయి.”

గదిలో నవ్వినవాళ్ళు లైట్లూ వైర్లూ సర్దుకోవడంలో పడ్డారు. గాడిద గొంతు నేల చూపులు చూస్తున్నాడు. పిన్నికి ఆశ్చర్యంగా, కోపం కంటే ముందు ఒక తృప్తి కలిగింది. మాట తప్పు విన్నది కానీ సంగతి తప్పు వినలేదు. తీయడం పూర్తయిందా, తీసేసినట్టే. ఆ తృప్తి అరక్షణమే. దాని వెనకే ఆవిడ చూపు నేల మీది నాలుగు తెల్ల గుర్తుల మీద పడింది.

“చెయ్యి ఉంటుంది, నేనుండను,” అంది మెల్లగా.

“అలా అనకండి.”

“ఇంకెలా అనాలో నువ్వే చెప్పమ్మా, చదువుకున్నదానివి.”

మేడమ్ చేతిలో కాగితం కదిలింది. పిన్ని చెయ్యి చాపింది. “అదేంటి?”

“ఏం లేదు, మామూలు అంగీకార పత్రం. సంతకం పెడితే చాలు.”

“ఏం లేనిదాని మీద సంతకమెందుకు?” పిన్ని కాగితం లాక్కుని ఒళ్ళో పరుచుకుంది, వేలు పెట్టింది. లైట్లు వేడెక్కుతున్నాయి. కెమెరా అతను గడియారం చూసుకున్నాడు. పిన్ని పెదాలు కదులుతున్నాయి. “నా చేతులను... నా పనిని... ఎప్పటికీ... ఎన్నిసార్లయినా... ఏ వేళనైనా... ప్రసారం చేసుకొనుటకు...” అక్కడ ఆగింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. మూడుసార్లు.

“ఆ పెన్సిల్ ఇలా ఇవ్వు.”

“పెన్సిల్‌తో సంతకం చెల్లదండీ...”

“సంతకం కాదు, కుట్టు తీస్తున్నా.”

‘ఎప్పటికీ’ని కొట్టేసింది. ‘ఎన్నిసార్లయినా’ని కొట్టేసి దాని నెత్తిన, ఒక్కో అక్షరం గింజంత లావున, ‘ఒక్కసారి’ అని రాసింది. ‘ఏ వేళనైనా’ దగ్గర కొంచెంసేపు పెన్సిల్ కొరికింది. మనవరాలు అడిగిన మాట గుర్తొచ్చిందో, బోర్డు మీద తర్వాత తెలియజేయబడునన్న ముక్కే గుర్తొచ్చిందో, అక్కడ ‘సాయంత్రం ఐదింటికి’ అని రాసింది. కాగితం మేడమ్‌కిచ్చింది.

“పిన్నిగారూ, ఇలా కుదరదు. ఒక్కసారి వేయడానికైతే తీయడమెందుకు?”

“తీయమని నేనన్నానా?”

“ఐదింటికి...” అని మేడమ్ ఏదో అనబోయింది. చేతిలో ఫోన్ మోగింది. పై అధికారి. గది చిన్నది, అవతలి గొంతు పెద్దది, అందరికీ వినపడింది. సోమవారం ఐదింటికి ఏం వేస్తున్నావు, ఇంకా పట్టీ పంపలేదేం, ఖాళీ తెర చూపిస్తావా అని అడుగుతున్నాడు. మేడమ్ “చూస్తున్నాను సార్” అంది రెండుసార్లు. మూడోసారి అనలేదు. ఆవిడ చూపు కాగితం మీద గింజంత అక్షరాల దగ్గర ఉంది.

పిన్ని ఆ చూపు చూసింది. సంచీలోంచి గొడుగు తీసి పక్కన పెట్టి, గాడిదని తీసి బల్లమీద కూర్చోబెట్టింది. గాడిద గొంతు ఊపిరి వదిలాడు. “అక్కా! పొద్దుట్నుంచి నా ప్రాణం పోయింది.”

“నీ ప్రాణం నీ దగ్గరే పెట్టుకో. నీ వంద నువ్వు తీయించుకో, నేనడ్డుపడను,” అంది పిన్ని. తర్వాత మేడమ్ వైపు తిరిగి, “నీకు ఐదింటికి ఏమీ లేదు. నాకు ఐదింటికి తప్ప ఏమీ లేదు. కెమెరా ఒకటి చాలు, అది కూడా చేతుల మీదే పెట్టు. మొహం అక్కర్లేదు. పిల్లలకి పాత గుడ్డలతో బొమ్మ కుట్టడం చూపిస్తా. అప్పటికప్పుడు. తీసి దాచుకుంటానంటే మాత్రం సూది ముట్టను.”

మేడమ్ ఫోన్లో, “పది నిమిషాల లైవ్ ఉంది సార్,” అంది. తర్వాత చాలాసేపు వింది. “మూడు నెలలు చూద్దామంటున్నారు,” అంది పిన్నితో.

“చూద్దామంటే చూస్తామనా, చూసుకుంటామనా?”

“పిన్నిగారూ!”

“రాసివ్వు.”

సాయంత్రానికి రాసిచ్చారు. పిన్ని వెలుతురుకి ఎత్తి, వెనక్కి తిప్పి, వేలు పెట్టి చదివింది. ఇంట్లో మొగుడి చేత పైకి చదివించింది. కూతురు షిఫ్టునుంచి వచ్చాక దాని చేతా చదివించింది. ముగ్గురి నోటా ఒకటే వచ్చింది. అయినా మూడు నెలలన్న ముక్క ఆవిడకి నచ్చలేదు. మూడు నెలలు ఇచ్చేవాళ్ళు నాలుగో నెలలో ఏం చేద్దామనుకుంటున్నారో ఇప్పుడే అనుకుని ఉంటారు కదా.

సోమవారం ఐదింటికి ఎర్రదీపం వెలిగింది. తెల్లటి బల్ల, దాని మీద తెగిపోయిన మేజోడు ఒకటి, గుండీలు రెండు, సూదీ దారం, పిన్ని చేతులు. బొటనవేలి సగం గోరు కూడా తెరనిండా వచ్చిందట. మొగుడు తర్వాత చెప్పాడు, మనవరాలు టీవీకి మొహం ఆనించి, “ఇది మా అమ్మమ్మ వేలు!” అని వీధంతా వినపడేట్టు అరిచిందని.

మేజోడు పిల్లిగా మారుతోంది. కళ్ళు పడ్డాయి, చెవులు లేచాయి. ఫోన్లో ఒక పిల్లాడు పిల్లికి మీసాలు లేవన్నాడు. “ఆగరా నాయనా, పుట్టీ పుట్టగానే మీసాలేంటి?” అంది పిన్ని. అద్దం అవతల పెన్సిల్ మేడమ్ చెయ్యి ఎత్తి, మిగిలిన నిమిషాల లెక్కన వేళ్ళు ఒకటొకటిగా ముడుస్తోంది. నాలుగు, మూడు. తోక సగం పడింది. రెండు. చెవిలో పెట్టిన యంత్రంలోంచి ఆవిడ గొంతు, “పిన్నిగారూ, ముగించండి, ముడి వేసేయండి! తోక పొట్టిగా ఉన్నా ఫరవాలేదు, ముడి వేసేయండి!” అంటోంది.

పిన్ని దారం లాగింది. బారెడు ఉంది ఇంకా. ముడి వేయడానికి అరనిమిషం కూడా పట్టదు, ఆ సంగతి సూది పట్టుకున్న ఎవరికైనా తెలుసు. కానీ ముడి పడిందంటే పిల్లి అయిపోయినట్టే, అయిపోయిన పిల్లిని ఎవరైనా అల్మారాలో పెట్టేయొచ్చు. ఆవిడ సూదిని పిల్లి వీపున నిలువుగా గుచ్చి, దారం బల్ల అంచునుంచి కిందికి వేలాడేట్టు వదిలేసి, రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టుకుని, ఎర్రదీపం ఆరేదాకా కదపకుండా కూర్చుంది.